విశాఖలో ఇంటి పన్ను ఎక్కువ వేశారనిపిస్తే: అభ్యంతరం దాఖలు చేసే విధానం

ఇంటి పన్ను నోటీసు చేతికి అందగానే అందరి చూపూ అడుగున ఉన్న మొత్తం మీదికే వెళుతుంది. అంతకన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ కాగితం ఏ రోజున చేతికి వచ్చిందో దాని వెనుక పెన్నుతో రాసుకోవాలి. అందినట్టు సంతకం పెట్టమని అడిగితే సంతకం పక్కన అదే తేదీ వేయాలి. అభ్యంతరం చెప్పుకోవడానికి ఉన్న గడువు నోటీసు అందిన నాటి నుంచే నడుస్తుంది, అది నెలల్లో కాక రోజుల్లోనే ఉంటుంది. లెక్క తప్పని తేలిన తరువాత కూడా తేదీ దాటిపోయిందన్న ఒక్క కారణంతో వెనక్కి వెళ్ళవలసి రావడం ఎవరికైనా బాధాకరమే.

వచ్చిన కాగితం స్పెషల్ నోటీసా, డిమాండ్ నోటీసా అన్నది తరువాత చూసుకోవాలి. ఇంటికి కొత్తగా పన్ను నిర్ణయించినప్పుడు గాని, ఉన్న పన్నును మార్చినప్పుడు గాని ఇచ్చేది స్పెషల్ నోటీసు. ఇంత నిర్ణయించాము, అభ్యంతరం ఉంటే ఫలానా గడువులోగా తెలియజేయండి అని అందులోనే రాసి ఉంటుంది. డిమాండ్ నోటీసు అలా నిర్ణయమైపోయిన పన్నును కట్టమని అడిగేది మాత్రమే. అభ్యంతరానికి అసలైన సమయం స్పెషల్ నోటీసు అందినప్పుడే అయినా, డిమాండ్ నోటీసులో కొలతో వినియోగమో తప్పుగా ఉన్నట్టు కనిపిస్తే రికార్డు సవరణ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

పన్ను ఎలా తయారవుతుంది

ఒకప్పుడు మన రాష్ట్రంలో ఇంటి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ, అంటే ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చునన్న అంచనా. 2020లో పురపాలక చట్టాలను సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ పద్ధతిని తెచ్చారు. స్థలానికి రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన మార్కెట్ విలువను, కట్టడానికి దాని రకాన్ని బట్టి, వయసును బట్టి వచ్చే విలువను కలిపి, ఆ మొత్తం మీద శాతం లెక్కన పన్ను వేస్తారు. చట్టం నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు హద్దులు పెట్టింది. ఆ హద్దుల లోపల మహా విశాఖ నగర పాలక సంస్థ, అంటే మనందరం జీవీఎంసీ అని పిలుచుకునే సంస్థ, ఎంచుకున్న శాతం మన నోటీసుకు వర్తిస్తుంది.

అంటే నోటీసులోని అంకె వెనుక విస్తీర్ణం, కట్టడం రకం, వయసు, వినియోగం, స్థలం విలువ, శాతం అనే ఆరు అంశాలు ఉన్నాయన్నమాట. వీటిలో శాతం మీద వ్యక్తిగత అభ్యంతరం నిలవదు. అది నగరం మొత్తానికి ఒకేసారి నిర్ణయమైన సంగతి. దాని మీద మాట్లాడవలసిన వేదిక కౌన్సిల్. పింఛను మీద బతుకుతున్నామని, పిల్లల చదువుల ఖర్చు ఉందని రాసిన అర్జీలను నేను ఎన్నో చదివాను. ఆ కష్టం నిజమే అయినా దాన్ని పరిగణనలోకి తీసుకునే అధికారం ఆ అర్జీ చదివే అధికారికి లేదు. మిగిలిన ఐదింటిలో ఎక్కడ, ఎంత తేడా ఉందో చూపిస్తే మాత్రం ఆయన సమాధానం చెప్పి తీరాలి.

పదిహేను శాతం పరిమితి

కొత్త పద్ధతి వల్ల ఒక్కసారిగా భారం పడకుండా, అంతకుముందు కడుతున్న పన్ను మీద పెంపు 15 శాతానికి మించరాదని ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఇంటిని పెంచినా, వినియోగం మార్చినా ఈ రక్షణను యథాతథంగా ఆశించలేము; ఏ మార్పూ చేయని పాత ఇంటికి మాత్రం ఇది మొదటి పరీక్ష. గత అర్ధ సంవత్సరం పన్ను 2,400 రూపాయలు అనుకుందాం. పదిహేను శాతమంటే 360 రూపాయలు, కాబట్టి పెంచినా 2,760 దాటరాదు. నోటీసులో 3,400 అని ఉంటే రికార్డులో విస్తీర్ణమో వినియోగమో మారి ఉండాలి, లేదా లెక్క తప్పి ఉండాలి. రెండింటిలో ఏది జరిగినా రాతపూర్వకంగా కారణం అడగవచ్చు.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. పరిమితి వల్ల మనం ఈ ఏడు కడుతున్నది, మూలధన విలువ ప్రకారం రావలసిన పూర్తి పన్ను కాకపోవచ్చు. ఆ పూర్తి పన్నును చేరేదాకా ఏటా పదిహేను శాతం చొప్పున ఎక్కుతున్న మెట్లలో ఒకటి కావచ్చు. ఏటా పూర్తి పదిహేను శాతం పెరుగుతూ పోతే ఐదేళ్ళలో 2,400 రూపాయలు దాదాపు 4,827 అవుతుంది. అందువల్ల విస్తీర్ణంలో తప్పును సరిచేయించుకున్నా ఈ ఏడాది బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గకపోవచ్చు, ఎందుకంటే సరిచేసిన పూర్తి పన్ను సైతం ఇప్పుడు కడుతున్న దానికన్నా ఎక్కువగానే ఉండి ఉంటుంది. అయితే మెట్లు ఆగే చోటు కిందికి దిగుతుంది. ఇప్పుడు తగ్గలేదు కదా అని రికార్డులో తప్పును వదిలేస్తే మూడేళ్ళ తరువాతో నాలుగేళ్ళ తరువాతో అది మన మీదే పడుతుంది. అర్జీ పెట్టడానికి ముందు ఈ లెక్క ఒకసారి చేసుకుంటే ఏ ఫలితం ఆశించాలో స్పష్టమవుతుంది.

కొలత

ఆదివారం పొద్దున్న ఎండ ముదరక ముందే వంద అడుగుల టేపు తీసుకుని, రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుని ఇంటి చుట్టూ తిరగాలి. కొలవవలసింది గదులను కాదు, గోడల బయటి అంచులను. పన్నుకు లెక్కించేది ప్లింత్ ఏరియా కనుక గోడల మందం కూడా అందులోకి వస్తుంది. గదుల లోపలి కొలతలు కూడి, రికార్డులో ఎక్కువ ఉందని వాదిస్తే ఆ వాదన మొదటి తనిఖీలోనే వీగిపోతుంది. బాల్కనీ, గ్యారేజీ లెక్కలోకి వచ్చేవే. కిటికీ మీది సన్‌షేడ్ మాత్రం నేల వైశాల్యం కాదు.

మర్రిపాలెంలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ముందు భాగం 36 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉన్న శ్లాబు ఇల్లు, అంటే 1,080 చదరపు అడుగులు. వెనుక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో సిమెంటు రేకుల షెడ్డు, అంటే మరో 240. రికార్డులో మొత్తం 1,320 చదరపు అడుగులనీ, అంతా శ్లాబు అనీ ఉంటే విస్తీర్ణం సరిగానే ఉంది, కట్టడం రకమే తప్పు. విస్తీర్ణం ఎక్కువ వేశారని అర్జీ పెడితే అధికారి కొలిచి చూసి సరిగానే ఉందని తేల్చి, అర్జీని కొట్టేస్తారు. వెనుక 240 చదరపు అడుగులు రేకుల కప్పు, దాన్ని ఆ రకంగానే లెక్కించండి అని రాస్తే అదే తనిఖీ మన పక్షాన ఆధారమవుతుంది. ఎక్కువ వేశారన్న ఒక్క మాటను ఇంత చిన్న ముక్కలుగా విడదీసుకోవడంలోనే పని సగం పూర్తవుతుంది.

కొలతలు వేసిన పటాన్ని గళ్ళ కాగితం మీద గీసి, ప్రతి గోడ పక్కన అడుగులు రాయాలి. రికార్డు చదరపు మీటర్లలో ఉంటే చదరపు అడుగులను 10.764తో భాగించాలి; 1,080 చదరపు అడుగులు ఇంచుమించు 100.3 చదరపు మీటర్లు. దస్తావేజులోని గజాలను తొమ్మిదితో హెచ్చవేస్తే చదరపు అడుగులు వస్తాయి. ఒకచోట గజాలు, మరొకచోట మీటర్లు ఉన్నప్పుడు తప్పులు ఇట్టే దొర్లుతాయి, వాటిని పట్టుకోవడమూ అంతే సులువు.

వినియోగం, వయసు, విలువ

నివాసానికి, నివాసేతరానికి మధ్య పన్ను తేడా పెద్దది కనుక వినియోగం గడిని జాగ్రత్తగా చూడాలి. వీధి వైపు గదిలో ఒకప్పుడు టైలరింగ్ షాపు ఉండి, అది మూతపడి పదేళ్ళు గడిచినా రికార్డులో దుకాణంగానే మిగిలిపోవచ్చు. దీనికి ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు మంచి సాక్ష్యం. గృహ వినియోగం కేటగిరీ ఒకటిలో, వాణిజ్య వినియోగం కేటగిరీ రెండులో ఉంటాయి. ఆ గది మీటరు కేటగిరీ ఒకటిలోకి మారిన తేదీ కనిపించే బిల్లు జత చేస్తే వాదన నిలబడుతుంది. ఇంట్లో ఒక గది మాత్రమే క్లినిక్‌గానో ట్యూషన్ కేంద్రంగానో నడుస్తుంటే ఆ గది విస్తీర్ణాన్ని విడిగా చూపి, మిగిలినదంతా నివాసంగా లెక్కించమని కోరాలి. అది నివాసమేనని దాచిపెట్టి రాయడం తప్పు మాత్రమే కాదు, తనిఖీలో మొత్తం అర్జీ విశ్వసనీయతనే దెబ్బతీస్తుంది.

కట్టడం వయసు పెరిగే కొద్దీ తరుగుదల లెక్కిస్తారు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి, పెచ్చులు ఊడిన శ్లాబును చూపిస్తే ఇల్లు ఎంత పాతదో తెలియదా అని మన విశాఖవాసులకు అనిపించడం సహజం. కానీ వయసును రుజువు చేసేది పెచ్చులూడిన గోడ కాదు, ప్లాను మంజూరైన తేదీ, కరెంటు కనెక్షన్ ఇచ్చిన తేదీ, మొట్టమొదటి పన్ను రసీదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌లో కాగితాలు తడిసి పాడైన కుటుంబాలు దస్తావేజు నకలును సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకోవచ్చు. ఆ దస్తావేజు షెడ్యూలులో ఆనాటికే ఉన్న కట్టడం వివరం ఉంటే అది వయసుకు బలమైన ఆధారం.

స్థలం విలువను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మన డోర్ నంబరు, ప్రాంతం ఆధారంగా చూసుకోవాలి. రాష్ట్రంలో ఈ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు కనుక ఏ నాటి విలువను తీసుకున్నారో కూడా అడగాలి. ప్రధాన రోడ్డుకు ఒక విలువ, లోపలి వీధికి మరొక విలువ ఉన్నచోట, లోపలి వీధి ఇంటికి రోడ్డు విలువ పడిందేమో చూడడం మర్చిపోకూడదు.

అపార్ట్‌మెంట్లలో నివసించేవారికి ఒక సౌకర్యం ఉంది. ఒకే వరుసలో ఒకదాని మీద ఒకటి ఉన్న ఫ్లాట్ల విస్తీర్ణం సాధారణంగా ఒకటే కనుక, మూడో అంతస్తులో 1,150 అని ఉండి అదే వరుస నాలుగో అంతస్తులో 1,290 అని ఉంటే తేడా దానంతట అదే కనిపిస్తుంది. పొరుగువారిని అడిగి వారి నోటీసు నకలు తీసుకోవాలి. అయితే పోల్చవలసింది విస్తీర్ణాన్ని, వినియోగాన్ని, కట్టడం రకాన్ని, వయసును. చివరి మొత్తాన్ని కాదు. పాత పన్ను ఎంత ఉందన్న దాన్ని బట్టి పదిహేను శాతం మెట్లు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి, పక్కింటివారి కంటే నాకు ఎక్కువ వచ్చిందన్న మాట ఒక్కటే ఏమీ రుజువు చేయదు.

రెండు ఖాతాలు, జరిమానాలు, మినహాయింపులు

2005లో గాజువాక పురపాలక సంఘాన్ని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి జీవీఎంసీని ఏర్పాటు చేశారు. భీమిలి, అనకాపల్లి ఆ తరువాత చేరాయి. ఇలా విలీనమైన ప్రాంతాల్లో ఇల్లున్నవారు తమ ఆస్తి రెండు అసెస్‌మెంట్ నంబర్ల కింద నమోదై ఉందేమో తప్పక చూసుకోవాలి. ఖాళీ స్థలానికి పన్ను కడుతూ వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నప్పుడు, ఇంటికి కొత్త ఖాతా తెరిచినా పాత ఖాళీ స్థలం ఖాతా మూతపడక బకాయి పెరుగుతూ ఉండడం మరో సందర్భం. దీనికి పన్ను తగ్గించమని కాక, పాత ఖాతా రద్దు చేయమని విడిగా అర్జీ పెట్టాలి.

మంజూరైన ప్లానుకు మించి కట్టిన ఇళ్ళకు పన్నుతో పాటు అనధికార కట్టడం జరిమానా పడుతుంది. అతిక్రమణ స్థాయిని బట్టి అది పన్నులో 25 శాతం నుంచి 100 శాతం వరకు ఉంటుంది. అనధికార కట్టడాలను రుసుముతో క్రమబద్ధీకరించే పథకమైన బీపీఎస్ కింద రుసుము కట్టి క్రమబద్ధీకరణ ఉత్తర్వు పొందినవారు ఆ జరిమానా తమ బిల్లులో ఇంకా కొనసాగుతోందేమో చూసుకుని, ఉత్తర్వు నకలుతో తొలగింపు కోరాలి.

యజమాని స్వయంగా నివసించే, 375 చదరపు అడుగులకు మించని చిన్న ఇంటికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు కనుక మాజీ సైనికుల కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. వారు తాము నివసించే ఇంటికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ధ్రువపత్రంతో మినహాయింపు కోరవచ్చు.

అర్జీ రాయడం

రాయబోయే ముందు రికార్డులో ఇల్లు ఎవరి పేరున ఉందో చూడాలి. తండ్రిగారి పేరునే ఉండిపోతే ముందు పేరు మార్పు జరగాలి, లేకపోతే అర్జీదారుకు ఆ ఇంటితో సంబంధమేమిటన్న ప్రశ్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది. గడువు ముంచుకొస్తుంటే పేరు మార్పు దరఖాస్తు పెట్టి, దాని రసీదును, వారసత్వ పత్రాన్ని అభ్యంతరానికి జత చేయడం మంచిది.

అర్జీ తెలుగులో రాస్తే చాలు, ఒక పేజీ దాటనవసరం లేదు. జీవీఎంసీ కమిషనర్ గారిని సంబోధిస్తూ, మీ జోన్ జోనల్ కమిషనర్ ద్వారా అని రాయాలి. పై భాగంలో అసెస్‌మెంట్ నంబరు, డోర్ నంబరు, వార్డు, స్పెషల్ నోటీసు సంఖ్య, అది అందిన తేదీ ఉండాలి. విషయం ఇలా సాగవచ్చు: “పై ఇంటికి సంబంధించి నాకు అందిన స్పెషల్ నోటీసులో మొత్తం 1,320 చదరపు అడుగులను శ్లాబు కట్టడంగా చూపించారు. ఇందులో వెనుక భాగంలోని 240 చదరపు అడుగులు సిమెంటు రేకుల కప్పుతో ఉన్న షెడ్డు అని మనవి. కొలతలతో కూడిన పటం, మంజూరు ప్లాను, నాలుగు ఫొటోలు జత చేశాను. తనిఖీ జరిపించి, నా సమక్షంలో కొలతలు తీసుకుని, ఆ భాగాన్ని దాని రకానికి తగినట్టు లెక్కించి పన్నును సవరించవలసిందిగాను, నిర్ణయాన్ని కారణాలతో రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగాను కోరుతున్నాను.” రెండు మూడు తప్పులు ఉంటే ప్రతిదానికీ విడి పేరా కేటాయించాలి. అనుమానం మాత్రమే ఉన్న విషయాన్ని, ఆధారం ఉన్న విషయంతో కలపకూడదు. బలహీనమైన వాదన బలమైనదాన్ని కూడా కిందికి లాగుతుంది.

పన్ను ఎలా లెక్కించారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ ఇంటి కొలతల షీటు, మూలధన విలువ లెక్క నకళ్ళు అడగవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల సమయం ఉంటుంది. ఆ జవాబు వచ్చేదాకా అభ్యంతరం పెట్టకుండా ఆగరాదు. ముందు అభ్యంతరం దాఖలు చేసి, వివరాలు అందాక అదనపు పత్రం సమర్పిస్తానని అందులోనే రాయాలి.

దాఖలు చేయడం, తనిఖీ

అర్జీని జోనల్ కార్యాలయంలో గాని వార్డు సచివాలయంలో గాని ఇవ్వవచ్చు. ఎక్కడ ఇచ్చినా రెండు ప్రతులు తీసుకువెళ్ళి, రెండో ప్రతి మీద తేదీతో కూడిన ముద్ర వేయించుకోవాలి లేదా దరఖాస్తు నంబరున్న రసీదు తీసుకోవాలి. బిల్ కలెక్టరు పరిచయస్తుడే కదా అని నోటిమాటగా చెప్పి ఊరుకోవడం, లేదా ఆయన చేతికి కాగితం ఇచ్చి రసీదు లేకుండా వచ్చేయడం వల్ల అర్జీ పెట్టామన్న సాక్ష్యమే మిగలదు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చే ఫిర్యాదు, ఆలస్యమవుతున్న ఫైలును కదిలించడానికి ఉపయోగపడుతుంది. చట్టప్రకారం ఇచ్చే అభ్యంతరానికి అది ప్రత్యామ్నాయం కాదు, దానివల్ల గడువు ఆగదు.

తనిఖీకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున ఇంటి యజమాని స్వయంగా ఉండాలి. మన పటం ఆయన చేతికిచ్చి, ఒక్కో గోడ కొలిచేటప్పుడు పక్కనే నిలబడి అంకె రాసుకోవాలి, మేడ మీదికి కూడా తీసుకువెళ్ళాలి. అంకెలు నింపని ఫారం మీద సంతకం చేయకూడదు. నింపిన అంకెతో ఏకీభవించకపోతే ఆ మాట అక్కడే రాసి సంతకం పెట్టవచ్చు. ఒక్క మాట ముందే తెలిసి ఉండాలి: తనిఖీ అంటే ఇల్లంతా చూస్తారు. రికార్డులో లేని పెంట్‌హౌస్‌గాని, తరువాత కట్టిన పోర్షన్‌గాని ఉంటే పన్ను తగ్గకపోగా పెరగవచ్చు. ఆ సంగతి బేరీజు వేసుకునే అర్జీ పెట్టాలి.

అర్జీ పెండింగులో ఉందని పన్ను కట్టడం ఆపివేయడం నష్టదాయకం. మొదటి అర్ధ సంవత్సరం పన్నుకు జూన్ 30, రెండో దానికి డిసెంబరు 31 గడువులు. అవి దాటితే బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ 30లోగా కట్టినవారికి 5 శాతం రాయితీ ఇస్తున్నారు. అభ్యంతరానికి లోబడి కడుతున్నానని అర్జీలో ఒక వాక్యం చేర్చి కట్టివేస్తే, తరువాత తగ్గినప్పుడు ఎక్కువ కట్టిన మొత్తాన్ని రాబోయే అర్ధ సంవత్సరానికి సర్దుబాటు చేయమని అడిగే హక్కు చేతిలో ఉంటుంది.

కమిషనర్ నిర్ణయం తరువాత

అభ్యంతరాన్ని తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు ప్రతిని, అది అందిన తేదీని భద్రం చేసుకోవాలి. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 282వ సెక్షన్ ప్రకారం కోర్టులో అప్పీలు చేసుకునే హక్కు ఉంది. దానికి షరతులు కఠినమైనవే. కారణం ఏర్పడిన 15 రోజుల్లో అప్పీలు వేయాలి. అంతకుముందు కమిషనర్‌కు అభ్యంతరం ఇచ్చి, దాని మీద నిర్ణయం వచ్చి ఉండాలి. వివాదంలో ఉన్న పన్ను మొత్తాన్ని కమిషనర్ వద్ద జమ చేయాలి. మొదటి దశలో రసీదు తీసుకోకుండా నోటిమాటతో సరిపెట్టుకున్నవారికి ఈ తలుపు తెరుచుకోకపోవడానికి కారణం రెండో షరతే. ఏడాదికి కొన్ని వందల రూపాయల తేడా అయితే న్యాయవాది ఖర్చు దాన్ని మించిపోతుంది కనుక కోర్టుకు వెళ్ళమని నేను సలహా ఇవ్వను. వినియోగం తప్పుగా పడిన పెద్ద ఇల్లు, వంద శాతం జరిమానా పడిన అంతస్తు వంటి వాటికి మాత్రం ఉత్తర్వు అందిన రోజునే న్యాయవాదిని కలవాలి.

అభ్యంతరాన్ని అంగీకరించినా పని అక్కడితో పూర్తి కాదు. ఉత్తర్వు కాగితం మీద మారిన అంకె కంప్యూటరు రికార్డులో కూడా మారాలి. వారం పది రోజుల తరువాత ఆన్‌లైనులో అసెస్‌మెంట్ నంబరు కొట్టి బాకీ మొత్తం చూసి, గ్రంథాలయ సెస్సు కూడా తగ్గిన పన్ను మీదనే లెక్కించారో లేదో సరిచూసుకోవాలి. రాబోయే అర్ధ సంవత్సరం బిల్లు వచ్చినప్పుడు, ఎక్కువ కట్టిన మొత్తం అందులో సర్దుబాటు అయిందో లేదో పాత రసీదు పక్కన పెట్టుకుని చూడాలి. కాకపోతే ఉత్తర్వు నకలు జత చేసి, ముద్ర వేసిన మొదటి అర్జీ తేదీని ఉటంకిస్తూ అదే జోనల్ కార్యాలయంలో మరో కాగితం ఇవ్వాలి.